మిద్దె మీద పిట్టల్ని లెక్కపెడదామని ఉంది, కానీ నాకు పది పేర్లే తెలుసు. పనికొస్తుందా?

మిద్దెతోట, కరీంనగర్
6 ఫిబ్రవరి 2026, రాత్రి 9:40

అందరికీ నమస్తే. ఇన్నాళ్లూ ఇక్కడ పేనుబంక గురించి, ఎరువుల గురించే అడిగాను. ఈసారి పిట్టల గురించి అడుగుతున్నాను.

మా మిద్దె మీద 40 దాకా కుండీలున్నాయి. ఒక మూల సొరపాదుకు పందిరి వేశాను. పొద్దున్నే నీళ్లు పోద్దామని మెట్లెక్కేసరికి పిట్టలు అప్పటికే వచ్చి ఉంటాయి. పిగిలిపిట్టలు జంటగా వచ్చి టమాటాలు పొడుస్తాయి. తేనెపిట్ట మందార పువ్వు లోపలికి పోకుండా, మొదట్లో పక్కనుంచి ముక్కుతో పొడిచి తేనె లాగేస్తుంది. తోక నిక్కబొడుచుకుని తిరిగే ఆకుపచ్చని చిన్న పిట్ట ఇంకొకటి ఉంది. దాని పేరు తెలియదు. ఉన్నది గుప్పెడంత, గొంతు మాత్రం వీధి చివరిదాకా వినిపిస్తుంది.

13 నుంచి 16 వరకు గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్ అనే పిట్టల లెక్క ఉందని మా అమ్మాయి చెప్పి, ఆ జాబితాలు రాసి పంపే ఈబర్డ్ యాప్ ఫోన్లో వేసి పెట్టింది. పాల్గొనాలని చాలా కోరికగా ఉంది. కానీ కూర్చుని లెక్కేసుకుంటే పేరు పెట్టి చెప్పగలిగేవి పదే తేలాయి. నేను తప్పు రాస్తే శాస్త్రవేత్తల లెక్క చెడిపోదా? బైనాక్యులర్ లేదు. చెరువుల వెంట తిరిగే వీలూ లేదు, అత్తమ్మ మంచం దిగలేదు, ఆమెను వదిలి వెళ్లలేను. మిద్దె మీద నిలబడి కాకుల్నీ గోరింకల్నీ లెక్కపెడితే ఎవరికైనా పనికొస్తుందా? తెలిసినవాళ్లు చెప్పండి.

చెరువుకట్ట, హైదరాబాద్
6 ఫిబ్రవరి, రాత్రి 10:25

తప్పకుండా పనికొస్తుందండీ. పదకొండేళ్లుగా ఈ లెక్కల్లో పాల్గొంటున్నాను కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

ఈ కౌంట్‌ను 1998లో అమెరికాలో కార్నెల్ ల్యాబ్ ఆఫ్ ఆర్నిథాలజీ, ఆడుబాన్ సొసైటీ అనే పక్షుల సంస్థలు కలిసి మొదలుపెట్టాయి. 2013 నుంచి ప్రపంచమంతా చేస్తున్నారు, మన దేశమూ అప్పుడే చేరింది. పేరులోనే పెరడు ఉంది చూడండి. అడవులకు వెళ్లేవాళ్లు ఎలాగూ వెళ్తారు, రాస్తారు. కరీంనగర్‌లో ఒక ఇంటి మిద్దె మీద ఫిబ్రవరి పొద్దున ఏం తిరుగుతున్నాయో మీరు రాయకపోతే ఇంకెవరూ రాయరు.

కనీసం 15 నిమిషాలు చూడాలి. మొదలుపెట్టేటప్పుడు యాప్‌లో స్టార్ట్ నొక్కితే టైము, చోటు అదే రాసుకుంటుంది. మీరు ఒకేచోట ఉంటారు కాబట్టి స్టేషనరీ అని పెట్టండి. ఆ సమయంలో చూసినవీ, గొంతు విని పోల్చుకున్నవీ అన్నీ రాయాలి. కొత్తవాళ్లు పొరబడేది ఈ "అన్నీ" దగ్గరే. కాకిని రాయడం దేనికిలే అని వదిలేసి, కొత్త పిట్ట కనబడిన రోజే రాస్తారు. జాబితా పంపే ముందు యాప్ ఒక ప్రశ్న అడుగుతుంది, గుర్తుపట్టిన పిట్టలన్నీ రాశారా అని. దానికి నిజంగా "అవును" అనగలిగితే ఆ జాబితాకు చాలా బలం వస్తుంది. అందులో లేని పిట్ట ఆ చోట, ఆ సమయంలో మీకు కనబడలేదని తెలుస్తుంది కాబట్టి. వంద జాబితాలు తీస్తే ఎన్నింటిలో పిచ్చుక ఉంది, పదేళ్లకు మళ్లీ వంద తీస్తే ఎన్నింటిలో ఉంది అని చూస్తారు. పెరిగిందో తగ్గిందో తేలేది అలాగే.

పేరు తెలియని పిట్టను వదిలేయండి, తప్పు కాదు. గుర్తుపట్టినవన్నీ రాయమన్నారు గానీ, కనబడినవన్నీ గుర్తుపట్టి తీరాలని ఎవరూ అనలేదు. గువ్వ అని తెలుసు, ఏ గువ్వో తేలలేదు అంటే, అలా రాసుకోవడానికీ యాప్‌లో చోటుంది.

సంఖ్య తప్పకుండా వేయండి. ఎక్స్ గుర్తు పెట్టి వదిలేస్తే ఉందని తెలుస్తుంది, ఎన్నో తెలియదు. గుంపు లేచిపోతే కళ్లతో ఒక పదింటిని కొలుచుకుని, అలాంటి పదులు ఎన్నుంటాయో అంచనా కట్టండి.

ఇంతకీ ఆ ఆకుపచ్చ పిట్ట నెత్తి మీద ఇటుక రంగు ఉందా? ఉంటే అది దర్జీపిట్ట. ఆకుల అంచులు కుట్టి మధ్యలో గూడు పెట్టుకునేది అదే.

మిద్దెతోట
7 ఫిబ్రవరి, ఉదయం 7:05

ఉంది! ఇప్పుడే చూసొచ్చాను, వంగమొక్క మీద ఉంది. పదకొండు పేర్లయ్యాయి.

గోదారిగట్టు, అమలాపురం దగ్గర
7 ఫిబ్రవరి, ఉదయం 11:50

మిద్దెతోట గారూ, మీకు పేర్లు తెలియక ఇబ్బంది, నాకు తెలిసిన పేర్లు యాప్‌కు తెలియక ఇబ్బంది. పొలం దున్నుతుంటే ట్రాక్టర్ వెనకాల నడిచే కొంగలు, గేదె వీపు మీద కూర్చునే ఏట్రింత, బోదె గట్టున కదలకుండా నిలబడే గుడ్డికొంగ, పసిరిక, నల్లంచి, కూకుడుగువ్వ, పాపట గోరింక... చిన్నప్పటి నుంచి చూస్తున్నవే. నిరుడు వీటి ఇంగ్లీషు పేర్లు వెతుకుతూ అరగంట కూర్చున్నా దొరకలేదు. మూసి పక్కన పెట్టేశాను.

పిట్టలతో పెరిగినవాళ్లు మా ఊళ్లో చాలామంది ఉన్నారు. తీతువు అరుపు విని చీకట్లో పొలంలో మనిషి తిరుగుతున్నాడో కుక్క తిరుగుతోందో చెప్పే పెద్దాయన ఉన్నాడు. వాళ్లకు తెలిసినదంతా ఏ లెక్కలోకీ రావడం లేదు. అదే నా బాధ.

చెరువుకట్ట
7 ఫిబ్రవరి, మధ్యాహ్నం 1:15

అన్నా, మీ బాధ న్యాయమైనదే. 1848లో జెర్డన్ అనే ఆంగ్లేయ వైద్యుడు వెలుగులోకి తెచ్చిన మన కలివికోడి మళ్లీ కనబడదనే అనుకున్నారు. 1986లో కడప జిల్లా పొదల్లో దొరికింది. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్లు వెతికారు నిజమే, కానీ రాత్రిపూట దాన్ని పట్టి చూపించింది అక్కడి ఊరి వేటగాడే. ఊళ్లో ఆ పిట్టకు పేరుంది, అది తిరిగే చోటు తెలిసిన మనిషి ఉన్నాడు. అందుకే దొరికింది.

మీరన్న పేర్లకు యాప్‌లో ఇలా వెతకండి. ఏట్రింత అంటే బ్లాక్ డ్రాంగో, పసులపోలిగాడు అన్నా అదే. గుడ్డికొంగ ఇండియన్ పాండ్ హెరాన్. పసిరిక గ్రీన్ బీ ఈటర్. నల్లంచి ఇండియన్ రాబిన్. కూకుడుగువ్వ హూపో. పాపట గోరింక బ్రాహ్మినీ స్టార్లింగ్. జెముడుకాకి గ్రేటర్ కౌకల్. ఎర్ర ముక్కు తీతువు రెడ్ వాటిల్డ్ ల్యాప్‌వింగ్. ట్రాక్టర్ వెనకాల నడిచే కొంగల్లో ముక్కు పసుపు రంగులో పొట్టిగా ఉంటే క్యాటిల్ ఈగ్రెట్. ముక్కు నల్లగా, కాళ్లు నల్లగా, పాదాలు పసుపుగా ఉంటే లిటిల్ ఈగ్రెట్. ఒక్కో జిల్లాలో ఒక్కో పేరు ఉంటుంది కాబట్టి తేడా ఉంటే సరిచేయండి. ఇంకేమైనా ఉంటే ఇక్కడే అడగండి, అందరం కలిసి పోల్చుకుందాం.

బడిమాస్టారు, శ్రీకాకుళం జిల్లా
7 ఫిబ్రవరి, సాయంత్రం 6:30

ఈ పేర్ల జాబితాను ఎల్లుండి బోర్డు మీద రాస్తాను. ఇదే రోజుల్లో మన దేశంలో క్యాంపస్ బర్డ్ కౌంట్ కూడా జరుగుతుంది. బడులు, కాలేజీలు వాటి ఆవరణలోనే చేసుకోవచ్చు. మాది ఊరి బడి. మూడేళ్లుగా ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలతో చేస్తున్నాను.

మొదటి ఏడాది 32 మందినీ ఒకేసారి బయటికి తీసుకెళ్లాను. ఒక్క పిట్ట నిలబడలేదు. ఇప్పుడు ఆరుగురేసి గుంపులు చేస్తున్నాను. ఒకరు చూసి చెప్పడం, ఒకరు రాయడం, ఒకరు గడియారం చూడటం, మిగతావాళ్లు నాలుగు దిక్కులు పంచుకోవడం. ఒక గుంపు వేపచెట్టు కింద ఉంటే ఇంకో గుంపు మధ్యాహ్న భోజనం షెడ్డు వెనకాల. అక్కడ మెతుకుల కోసం గోరింకలు, కాకులు ఎప్పుడూ ఉంటాయి. పిల్లలకు బైనాక్యులర్లు లేవు, కానీ వాళ్ల కళ్ల ముందు మన కళ్లు దేనికీ పనికిరావు. కొబ్బరి మట్ట నీడలో కళ్లు మూసుకుని కూర్చున్న పైడికంటె అనే చిన్న గుడ్లగూబను నాకు చూపించింది ఏడో తరగతి అమ్మాయే.

నిరుడు ఒక అబ్బాయి అడిగాడు, "సార్, కోడిని కూడా రాయాలా?" అని. ఇంట్లో పెంచే కోళ్లు, బాతులు రాయకూడదు. గుడి గోపురం మీది పావురాలు రాయాలి. పొలాల్లో తిరిగే నెమలిని రాయాలి.

మాకు దగ్గర్లోనే తేలినీలాపురం. ఏటా గూడబాతులు (పెలికాన్లు), ఎర్రకాళ్ల కొంగలు వచ్చి ఊరి చింతచెట్ల మీద గూళ్లు పెడతాయి. పిల్లలు పుట్టినప్పటి నుంచి చూస్తున్నారు కాబట్టి వాళ్లకు అది మామూలే. వాటిని చూడ్డానికి ఎక్కడెక్కడి నుంచో మనుషులు వస్తారని చెబితే ఆశ్చర్యపోతారు.

వెన్నెలదారి, లీడ్స్, ఇంగ్లండ్
7 ఫిబ్రవరి, రాత్రి 11:20

మాది నెల్లూరు, ఇక్కడికి వచ్చి ఆరేళ్లు. జనవరి చివరి వారాంతంలో ఇక్కడ బిగ్ గార్డెన్ బర్డ్‌వాచ్ జరుగుతుంది. ఆర్‌ఎస్‌పీబీ అనే సంస్థ 1979 నుంచి చేయిస్తోంది. ఏటా అయిదు లక్షల మందికి పైగా కిటికీ దగ్గర గంటసేపు కూర్చుని తోటలోకి వచ్చిన పిట్టల్ని రాస్తారు. మొన్న మేమూ రాశాం. మంచు పడుతోంది, రాబిన్ ఒకటి, బ్లూ టిట్‌లు మూడు, పిచ్చుకలు ఏడు. ఆ ఏడు పిచ్చుకల్ని చూస్తే అమ్మమ్మ ఇంటి వసారా గుర్తొచ్చింది. ఇక్కడి లెక్కలో మొదటి స్థానం ఇప్పటికీ పిచ్చుకదే, అయినా 1979తో పోలిస్తే సగానికి పైగా తగ్గిపోయింది. ఇన్నేళ్లు ఇన్ని ఇళ్లవాళ్లు రాశారు కాబట్టే ఆ సంగతి తెలిసింది.

ఒక జాగ్రత్త. మిద్దె మీద గింజలు, నీళ్లు పెట్టేవాళ్లు గిన్నెలు తరచుగా కడిగి ఎండబెట్టండి, నీళ్లు రోజూ మార్చండి. ఇక్కడ ట్రైకోమోనోసిస్ అనే జబ్బుతో గ్రీన్‌ఫించ్‌లు ఘోరంగా తగ్గాయి. పిట్టలు గుంపులుగా తినే చోట, తాగే చోట అది ఒకదాని నుంచి ఒకదానికి అంటుకుంటుంది. చదును పలక మీద గింజలు పోస్తే రెట్టలు, ఉమ్మి అన్నీ కలిసిపోతాయి. అందుకే ఆ పలకల అమ్మకాన్ని ఆర్‌ఎస్‌పీబీయే ఆపేసింది.

ఇంకో మాట. ఒక్కో జాతివి ఒకే క్షణంలో ఎక్కువగా ఎన్ని కనబడ్డాయో అదే రాయాలి, వచ్చినప్పుడల్లా కలుపుకుంటూ పోకూడదు.

మిద్దెతోట
8 ఫిబ్రవరి, ఉదయం 6:10

ఇప్పుడు నాకు టెన్షన్ మొదలైంది. చెరువుకట్ట గారు అన్నీ రాయమన్నారు, మీరేమో ఒకే క్షణంలో కనబడినవే రాయమంటున్నారు. ఏది పాటించాలి?

చెరువుకట్ట
8 ఫిబ్రవరి, ఉదయం 8:00

రెండు వేర్వేరు లెక్కలండీ, వేటి పద్ధతి వాటిది. అక్కడ ఒక్కో జాతికీ ఒకే చూపులో కనబడిన పెద్ద సంఖ్య వేస్తారు. ఈబర్డ్‌లో మొత్తం ఎన్ని వేర్వేరు పిట్టలు కనబడ్డాయో మీ అంచనా వేస్తారు. మీ పందిరి మీదికి పిగిలిపిట్టలు రెండు వచ్చి, వెళ్లి, అయిదు నిమిషాలకు మళ్లీ రెండు వస్తే, అవే అనిపిస్తే 2 రాయండి. తూర్పు నుంచి పడమరకు కొంగలు ముందు ఆరు, తర్వాత నాలుగు వెళ్లి వెనక్కి రాకపోతే 10 రాయండి. అనుమానం వస్తే తక్కువ వైపే ఉండండి.

కొత్తరెక్క, వరంగల్
8 ఫిబ్రవరి, ఉదయం 10:45

మెర్లిన్ యాప్‌లో రికార్డ్ పెడితే గొంతు విని పేరు చెప్పేస్తుంది కదా అక్కా, అవి చూసి రాసేయండి. మా క్యాంపస్‌లో నిన్న పది నిమిషాల్లో 21 జాతులు చెప్పింది.

చెరువుకట్ట
8 ఫిబ్రవరి, ఉదయం 11:10

తమ్ముడూ, ఆ 21లో నువ్వు కళ్లారా చూసినవి, గొంతు నీకే తెలిసినవి ఎన్ని? అవే రాయి. మెర్లిన్ మంచి తోడు, "అటు చూడు" అని చెబుతుంది. చూడాల్సింది మాత్రం నువ్వే. ఏట్రింత ఇంకో పిట్ట గొంతును అనుకరిస్తే మనిషే మోసపోతాడు, ఫోను మోసపోదా?

మిద్దెతోట
8 ఫిబ్రవరి, మధ్యాహ్నం 2:30

అలవాటు కోసం ఈరోజు ఒక జాబితా పంపాను. 9 జాతులు. ఒకదాని దగ్గర ఎర్ర గుర్తు వచ్చింది, ఇది ఇక్కడ అరుదు, వివరాలు రాయండి అంది. నేను రాసింది ఇండియన్ బ్లాక్‌బర్డ్. పక్కింటి వేపచెట్టు మీద నల్లగా నిగనిగలాడుతూ ఉంది, కాకి కాదు, పేరులో బ్లాక్‌బర్డ్ అని కనబడితే అదే అనుకున్నాను. దాని పక్కనే గోధుమ రంగు ఒంటి నిండా తెల్ల చుక్కలున్న ఇంకో పిట్ట ఉంది, దాన్ని పోల్చుకోలేక వదిలేశాను. తప్పు రాసినట్టున్నాను. పాత జాబితాను దిద్దుకోవచ్చా?

బడిమాస్టారు
8 ఫిబ్రవరి, మధ్యాహ్నం 2:50

అమ్మా, ఆ నల్లదాని కన్ను ఎర్రగా ఉందా?

మిద్దెతోట
8 ఫిబ్రవరి, మధ్యాహ్నం 2:55

ఉంది మాస్టారూ. దానిమ్మ గింజంత ఎరుపు.

బడిమాస్టారు
8 ఫిబ్రవరి, మధ్యాహ్నం 3:05

అయితే అది మగ కోకిల. పక్కనున్న చుక్కల పిట్ట ఆడ కోకిల. మీరు ఒక జంటను చూశారు. కూసేటప్పుడు వినడమే తప్ప కోకిలను చూసినవాళ్లు తక్కువ, చూసినా ఆడది కోకిలని నమ్మరు. మా బడిలో పిల్లలూ అంతే, గోధుమ రంగు కోకిలంటే పుస్తకంలో తప్పు పడిందన్నారు.

చెరువుకట్ట
8 ఫిబ్రవరి, మధ్యాహ్నం 3:20

పాత జాబితాను ఎప్పుడైనా తెరిచి దిద్దవచ్చు. బ్లాక్‌బర్డ్ తీసేసి ఏషియన్ కోయెల్ 2 వేయండి. ఆ ఎర్ర గుర్తు మీ మీద నేరం మోపడం కాదండీ. ఆ జిల్లాలో ఆ నెలలో మామూలుగా కనబడని పిట్టను ఎవరు రాసినా అడుగుతుంది. తర్వాత స్థానికంగా పిట్టలు బాగా తెలిసిన వాలంటీరు ఒకరు చూసి, అవసరమైతే మీకు రాస్తారు. నేను రెండో ఏడాదిలో ఒక డేగను అరుదైనదని రాసేశాను. ఒక పెద్దాయన ఎంతో మర్యాదగా, తోక మీద చారలు ఎన్ని, కళ్ల రంగేంటి అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. దిద్దుకున్నాను. అప్పటి నుంచి తోక చూడకుండా డేగ పేరు రాయలేదు.

నీటిచుక్క, విజయవాడ
9 ఫిబ్రవరి, రాత్రి 10:15

అందరూ ఇంత ఉత్సాహంగా ఉంటే ఇలా అడగడం బాగుండదేమో, కానీ మనసులో ఉన్నది రాస్తున్నాను. మా అమ్మగారి ఊరికి ఆనుకుని ఒక చెరువుండేది. చలికాలంలో నీళ్లు కనబడనంతగా బాతులు వాలేవి. నాలుగేళ్ల కింద మట్టి తోలడం మొదలైంది, ఇప్పుడు ప్లాట్లు. మేం అర్జీలు పెట్టాం, తిరిగాం. ఏమీ కాలేదు. ఈ లెక్కలు రాస్తే అలాంటిది ఆగుతుందా? ఆగకపోతే ఎందుకు రాయాలి?

చెరువుకట్ట
9 ఫిబ్రవరి, రాత్రి 11:40

దీనికి జవాబు రాయాలంటే కాసేపు ఆలోచించాల్సి వచ్చింది.

లెక్క రాసినంత మాత్రాన మట్టి లారీ ఆగదు. అబద్ధం చెప్పను. కానీ ఒక్కటి అడుగుతాను. ఆ చెరువులో బాతులుండేవని మీ అర్జీలో రాసి ఉంటారు. ఏ బాతులు, ఎన్ని, ఏ నెలలో, ఏ ఏడాది నుంచి అని అవతలివాళ్లు అడిగితే చూపడానికి ఏముంది? మీ జ్ఞాపకం ఉంది, మీ అమ్మగారి జ్ఞాపకం ఉంది. అవి నిజమే. కాగితం మీద మాత్రం ఆ చెరువు ఖాళీగా ఉంది.

హైదరాబాద్ పక్కనున్న అమీన్‌పూర్ పెద్ద చెరువుకు 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా గుర్తింపు వచ్చింది. నగరపు నీటివనరుకు అలాంటి గుర్తింపు రావడం దేశంలో అదే మొదలు. అక్కడ ఏ పిట్టలున్నాయో హైదరాబాద్ పక్షిప్రేమికులు ఏళ్ల తరబడి ఆదివారాలు తిరిగి రాసి ఉంచారు. ఇప్పుడు డెక్కన్ బర్డర్స్ అంటున్న సంఘం 1980 నుంచి ఉంది. నీటిపిట్టల కోసమైతే ఏషియన్ వాటర్‌బర్డ్ సెన్సస్ 1987 నుంచి ఏటా జనవరిలో జరుగుతోంది. 2025లో హైదరాబాద్ బర్డ్ అట్లాస్ కూడా మొదలైంది, నగరాన్ని గడులుగా విడగొట్టి వాలంటీర్లు గడి గడికీ వెళ్లి రాస్తున్నారు. కేరళలో 2015 నుంచి 2020 వరకు రాష్ట్రమంతా ఇలాగే చేశారు.

ఇక దేశం సంగతి. 2023లో వచ్చిన స్టేట్ ఆఫ్ ఇండియాస్ బర్డ్స్ నివేదిక దాదాపు 30,000 మంది మామూలు మనుషులు రాసిన 3 కోట్ల నమోదుల మీద నిలబడింది. 942 జాతుల్ని పరిశీలించి, 178 జాతుల గురించి వెంటనే పట్టించుకోవాలని చెప్పింది. కోకిల, నెమలి, పావురం పెరుగుతున్నాయి. మన పాలపిట్ట బాగా తగ్గిపోతోంది. తెలంగాణ రాష్ట్ర పక్షి, దసరానాడు చూడాలని జనం ఊరు దాటి వెళ్లే పిట్ట. ప్రపంచ స్థాయిలో దాని పరిస్థితిని మళ్లీ అంచనా వేయాలని ఆ నివేదిక అడిగింది. పాలపిట్ట మామూలుగా కనబడే రోజుల్లో ఎవరో ఒకరు "కరెంటు తీగ మీద పాలపిట్ట, 2" అని రాసిపెట్టారు. అలా రాశారు కాబట్టే ఈరోజు తగ్గిందని చెప్పగలుగుతున్నాం.

పిచ్చుకల గురించి కూడా అంతకుముందు 2020లో వచ్చిన ఇదే నివేదిక ఒక కొత్త సంగతి చెప్పింది. దేశం మొత్తం మీద పాతికేళ్లలో దాదాపు నిలకడగానే ఉన్నాయి, పెద్ద నగరాల్లోనే తగ్గాయి. కాబట్టి ఎక్కడ పోయాయో అక్కడే కారణం వెతకాలి. ఇది కూడా జాబితాలు చూస్తేనే తెలిసింది.

మీ ఊరి పక్కన ఇంకో కుంట ఏదైనా మిగిలి ఉంటే, ఈ 13న దాని గట్టు మీద 15 నిమిషాలు నిలబడండి. అంతకన్నా ఏం చెప్పాలో నాకు తెలియడం లేదు.

గోదారిగట్టు
10 ఫిబ్రవరి, ఉదయం 5:50

నీటిచుక్క గారూ, మీ బాధ నాకు అర్థమవుతుంది. ఒకటి రాస్తాను. సంక్రాంతికి మేం కొత్త వరి కంకులతో కుచ్చు అల్లి వసారాలో కడతాం. మా నాన్న అల్లేవాడు, ఇప్పుడు నేను. పైన జడలా అల్లి, కింద కంకులు చుట్టూ వేలాడేట్టు చేస్తే, పిచ్చుకలు తలకిందులుగా వేలాడి గింజ ఒలుచుకు తింటాయి. పొట్టు కింద రాలుతుంది, అమ్మ ఊడ్చేది. ఆ కుచ్చు నెల తిరిగేసరికి వట్టి గడ్డి అయ్యేది. కిందటేడు ఇల్లు పగలగొట్టి డాబా కట్టాం. ఈ సంక్రాంతికీ కుచ్చు కట్టాను. ఇవాళ్టికీ గింజ ముట్టలేదు, కింద పొట్టు లేదు.

నిన్న రాత్రి మీ మాటలు చదివాక అనిపించింది. నేను ముందే ఏటా రాసి ఉంటే పాత ఇంట్లో ఎన్ని, కొత్త ఇంట్లో ఎన్ని అని తేలేది. ఇప్పుడు సున్నా ఒక్కటే ఉంది. ఆ కుచ్చు ముందే కూర్చుని ఈసారి 15 నిమిషాలు రాస్తాను, పిచ్చుక రాకపోయినా. చూరు కింద మట్టి కుండలు రెండు కట్టాను, వచ్చే ఏడాది ఏమవుతుందో చూడాలి.

నీటిచుక్క
10 ఫిబ్రవరి, రాత్రి 9:00

ఊరి అవతల ఒక ఊటకుంట ఉంది. చిన్నది. అక్కడికి వెళ్తాను.

పెసరచేను, గుంటూరు
11 ఫిబ్రవరి, సాయంత్రం 4:20

మిద్దె మీద నుంచి చూసేవాళ్లకు ఒక సంగతి. నేను అపార్ట్‌మెంట్ పైనుంచి బైనాక్యులర్‌తో చూస్తుంటే ఎదురింటివాళ్లు తమ కిటికీల్లోకి చూస్తున్నాననుకుని వాచ్‌మన్‌ను పంపారు. తప్పు వాళ్లది కాదు, ఆడపిల్లలున్న ఇల్లు. వెళ్లి చెప్పి, యాప్ చూపించాను. ముందే నాలుగిళ్లకు ఒక మాట చెబితే మంచిది. ఇప్పుడు ఆ ఇంటి పెద్దావిడే గద్ద కనబడితే ఫోన్ చేస్తుంది. ఉప్పలపాడు చెరువుకు కూడా మాతో వస్తానంది. అక్కడ గూడబాతుల్ని ఊరివాళ్లే కాపాడుకుంటున్నారని విని చూడాలనుకుంటోంది.

బడిమాస్టారు
14 ఫిబ్రవరి, మధ్యాహ్నం 12:40

నిన్న బడిలో అయిదు గుంపులు, అయిదు జాబితాలు. అన్నీ కలిపి 26 జాతులు. పాలపిట్ట ఒకే ఒక్కటి, ఆటస్థలం వెనక స్తంభం మీద. పిల్లలు అది ఎగిరేదాకా ఆగారు, రెక్కలు విప్పినప్పుడు ఆ నీలం చూడాలని. ఎగరగానే ఆరుగురూ ఒక్కసారి "ఆ" అన్నారు, మిగతా పిట్టలన్నీ లేచిపోయాయి. మా తాత రోజుల్లో స్తంభానికొకటి ఉండేదట సార్ అని ఒక పిల్ల చెప్పింది. అది కూడా కింద వ్యాఖ్యల గడిలో రాయించాను.

నీటిచుక్క
15 ఫిబ్రవరి, ఉదయం 9:30

ఊటకుంట గట్టున 40 నిమిషాలు. గుడ్డికొంగలు 5, లిటిల్ ఈగ్రెట్ 3, తీతువులు 2, లకుముకి పిట్ట 1, ఏట్రింతలు 4. బాతులు లేవు. పంపాను.

మిద్దెతోట
16 ఫిబ్రవరి, సాయంత్రం 7:15

నాలుగు రోజుల్లో 8 జాబితాలు పంపాను. మొత్తం 18 జాతులు. పదితో మొదలుపెట్టాను కదా, మిగతావి మీ అందరి పుణ్యం. ఒక జాబితాలో మూడే పిట్టలున్నాయి. ఆ సాయంత్రం వెనక వీధిలో పెళ్లి డీజే మోగుతోంది. పంపాలా వద్దా అని ఆలోచించి, 15 నిమిషాలూ నిలబడ్డాను కాబట్టి ఉన్నది ఉన్నట్టు పంపాను.

కానీ నేను చెప్పాలనుకున్నది వేరే. నిన్న శివరాత్రి. అత్తమ్మ ఒంట్లో ఎలా ఉన్నా జాగారం మానదు. మంచం మీదే కూర్చుంది, నేను పక్కన ఉన్నాను. మూడు గంటలప్పుడు బయట ఏదో కీచుగా, గొడవ పడ్డట్టు అరిచింది. పిల్లులేమో అనుకున్నాను. అత్తమ్మ చెయ్యెత్తి ఆగమంది. "పైడికంటె. రెండున్నాయి" అంది. నేను గబగబా యాప్ తెరిచి స్టార్ట్ నొక్కాను. 15 నిమిషాలు ఇద్దరం మాట్లాడకుండా విన్నాం. మధ్యలో తీతువు ఒకటి అరుస్తూ ఇంటి మీదుగా పోయింది, దాన్నీ ఆమే చెప్పింది. వీధి దీపం వెలుగులో కిటికీలోంచి చూస్తే కేబుల్ తీగ మీద పైడికంటె కూర్చుని తల పూర్తిగా వెనక్కి తిప్పి మావైపు చూసింది.

అది అరిస్తే మంచిది కాదంటారు కదా అత్తమ్మా అన్నాను. "ఎలుకలు తిని బతికే పిట్ట, దానికి మనతో ఏం పని" అంది. మా ఊరి బావి గోడ రంధ్రంలో ఒక జంట ఉండేదని, చిన్నప్పుడు ఎండుగడ్డి మోస్తూ రోజూ చూసేదాన్నని చెప్పింది. పదేళ్లుగా కలిసి ఉంటున్నాం, ఆమెకు ఇన్ని పిట్టలు తెలుసని నాకు తెలియదు. పొద్దున పేర్లు అడిగితే ఇరవై దాటి చెప్పింది. కొన్ని మా జిల్లా పేర్లు, వాటిని మీతో పోల్చుకోవాలి.

ఇవాళ్టితో కౌంట్ అయిపోయినా, ఈబర్డ్‌లో ఏ రోజైనా రాయొచ్చు కదా? అత్తమ్మ మంచం కిటికీ దగ్గరికి జరపమంది, జరిపాం. నేను మిద్దె మీద, ఆమె కింద కిటికీ దగ్గర. మధ్యలో మెట్ల మీద నుంచి పిలుచుకుంటాం. రెండు జాబితాలు పంపాలా, ఒకటేనా?

చెరువుకట్ట
16 ఫిబ్రవరి, రాత్రి 8:05

ఏ రోజైనా రాయొచ్చు. ఒకే సమయం, ఒకే ఇల్లు కాబట్టి ఒకటే జాబితా. ఇద్దరూ చూసిన పిట్టను రెండుసార్లు వేయకండి. చూసినవాళ్ల సంఖ్య అడిగే చోట 2 అని పెట్టండి. అమ్మగారు చెప్పిన పేర్లు రేపు ఇక్కడ రాయండి, ఆమె పలికినట్టే.